వాలిస్ వారి వెన్ను

గ్లెనిస్ వాలిస్ ఎమర్జెన్సీ వార్డు వదిలి కీళ్ళ విభాగానికి మారుతోందని తెలిసి, తోటి నర్సులు ఆమెకు ఒక ఊలు దుప్పటీ, కాళ్ళకు మెత్తటి చెప్పులూ కానుకగా ఇచ్చారు. రిటైరయ్యే వాళ్ళకిచ్చే కానుకలవి. ఆమెకింకా ముప్పై అయిదు కూడా నిండలేదు.

"అక్కడ ఎవరూ చావరు, ఎవరికీ నయం కాదు. నీకు పొద్దెలా పోతుందే?" అంది ఒకామె.

"అందుకే వెళ్తున్నా," అంది గ్లెనిస్. "ఇక్కడ కుట్లేస్తాం, కట్టు కడతాం, పై అంతస్తుకి పంపేస్తాం. ఆ తర్వాత ఆ మనిషి ఏమయ్యాడో తెలీదు. నాకు మళ్ళీ మళ్ళీ చూసే మొహాలు కావాలి."

సెయింట్ జాన్స్ పట్నంలోని ఆ ఆసుపత్రిలో కీళ్ళ విభాగం ఒక మూలకి ఉండేది. కిటికీలోంచి ఓడరేవు కనిపించేది, పొగమంచు లేని రోజుల్లో. అక్కడి పెద్ద నర్సు ఫిలొమీనాకు అరవై దగ్గర పడ్డాయి. డాక్టర్లతో సహా అందర్నీ "బంగారం" అనే పిలిచేది. మొదటిరోజే గ్లెనిస్‌ని పక్కకి లాగి చెప్పింది:

"ఇక్కడెవరికీ షేక్‌హ్యాండ్ ఇవ్వకు బంగారం. నీ చెయ్యి వెల్లకిలా కింద పెట్టు. వాళ్ళ చెయ్యి వాళ్ళే తెచ్చి దానిమీద పెడతారు. అప్పుడు గానీ పట్టుకోకు."

గ్లెనిస్ నేర్చుకోవలసింది చాలానే ఉందని ఒక్క వారంలో తేలిపోయింది. వయసుతో అరిగిన కణుపు గులకరాయిలా గట్టిగా తగులుతుంది. వాతం కమ్మిన కణుపు పండిన ద్రాక్షపండులా వేలికింద మెత్తగా కదులుతుంది. అది చేతికి తెలియాలి తప్ప పుస్తకం చదివితే రాదు. ఇంకో చిక్కు కూడా ఉంది. కెనడా తూర్పు కొసన ఉన్న ఈ న్యూఫౌండ్‌లాండ్ దీవిలో ఏ మనిషినైనా నొప్పి ఎలా ఉందని అడిగితే ఒకటే జవాబు: "ఫరవాలేదమ్మా, ఇంకా చావలేదు." అందుకని ఫిలొమీనా నొప్పి మాట ఎత్తేదే కాదు. "ఈ కోటు గుండీలు పొద్దున నువ్వే పెట్టుకున్నావా, ఆయన పెట్టాడా?" అని అడిగేది. "నిన్న బంగాళాదుంపలు ఎవరు చెక్కారు?" అనేది. చేపల ఫ్యాక్టరీలో ఒళ్ళు హూనం చేసుకున్న ఆడవాళ్ళు, నవ్వుతూ వచ్చినవాళ్ళు, ఆ ప్రశ్నకి తల పక్కకి తిప్పుకునేవారు. పక్కన కూర్చున్న మొగుళ్ళు తమ బూట్లకేసి చూసుకునేవారు. అక్కణ్ణుంచి అసలు సంగతి బయటికొచ్చేది.

గ్లెనిస్‌కి ఆ పని నచ్చింది. పరుగుల్లేవు. కానీ ఒక్కొక్కరి ముందు కూర్చోవాలి, నిజంగా కూర్చోవాలి. ఇంటికెళ్ళాక కూడా వాళ్ళ చేతులు గుర్తొచ్చేవి.

శీతకాలం పోయి మంచు కరుగుతున్న రోజుల్లో ఒక సున్నాల మేస్త్రీ వచ్చాడు. నలభై ఏళ్ళవాడు, వీపు వంగి, మెడ ముందుకి సాగి ఉన్నాడు. ఆ విభాగం డాక్టర్ హిస్కాక్ నిదానస్తురాలు. అతణ్ణి గోడకి మడమలు ఆనించి నిలబడమని, తల కూడా ఆనించమంది. తల ఆనలేదు. గోడకీ తలకీ మధ్య మనిషి చెయ్యి పట్టేంత సందు.

"పొద్దున లేవగానే ఎలా ఉంటుంది?"

"కర్రలా ఉంటుందండీ. పనిలోకి దిగితే సర్దుకుంటుంది."

"ఆదివారాలు?"

"ఆదివారం నరకం."

అతను వెళ్ళాక డాక్టరమ్మ ఎక్స్-రే వెలుతురుకి పెట్టి గ్లెనిస్‌కి చూపించింది. "బరువులు మోస్తే వచ్చే నొప్పి విశ్రాంతి తీసుకుంటే తగ్గుతుంది. ఇది విశ్రాంతి తీసుకుంటే పెరుగుతుంది. వెన్నుపూసల మధ్య లోపల్లోపల రగులుతూ ఉంటుంది. ఆరిన చోటల్లా ఎముక పోసుకుంటుంది. చివరికి వెన్నంతా వెదురుబొంగులా ఒక్క ముక్క అయిపోతుంది. ఇరవైల్లో మొదలవుతుంది. వంశాల్లో నడుస్తుంది. కొందరికి కళ్ళు కూడా ఎర్రబడతాయి. మొదట్లోనే పట్టుకుంటే మందులున్నాయి."

గ్లెనిస్ ఆ ఎక్స్-రే వంక చూస్తోంది గానీ ఆమె మనసక్కడ లేదు. మారో కోవ్‌లో, తమ వంటింట్లో ఉంది.

మారో కోవ్ దక్షిణ తీరాన ఉన్న చిన్న పల్లె. అక్కడ వాలిస్ వాళ్ళ మగవాళ్ళందరికీ వంగిన వీపే. పొగమంచులో మొహం కనబడకపోయినా, రేవు మీద నడిచొచ్చే ఆకారం చూసి "వాలిస్ వాడెవడో వస్తున్నాడు" అనేవాళ్ళు. వాళ్ళ తాత యోబు చనిపోయినప్పుడు వడ్రంగి శవపేటికని మామూలు కంటే లోతుగా చెయ్యవలసి వచ్చింది. ఆ సంగతి ఇప్పటికీ పెళ్ళిళ్ళలో చెప్పుకుని నవ్వుతారు. నవ్వులో గర్వం కూడా ఉంటుంది. సముద్రంతో పోరాడిన వంశమని, ఆ వంపు సముద్రం పెట్టిన సంతకమని వాళ్ళ నమ్మకం. గ్లెనిస్ తండ్రి అజర్యాది మరీ పెద్ద వంపు. మొహం పైకెత్తి ఆకాశం చూసి ఎన్నేళ్ళయిందో. వాతావరణం నీళ్ళలో చదువుతాననేవాడు. "ఆకాశం అబద్ధాలాడుతుంది, నీళ్ళు ఆడవు," అనేవాడు. ఊళ్ళో కుర్రవాళ్ళు అది గొప్ప విద్య అనుకునేవారు.

ఆమె తమ్ముడు లోర్న్‌కి ఇరవై ఎనిమిదేళ్ళు. తండ్రితోపాటే పడవ మీద వెళ్తాడు.

రాతిరొయ్యల వేట ముగిసిన జులైలో గ్లెనిస్ సెలవు పెట్టి ఇంటికెళ్ళింది. ఆదివారం పొద్దున తల్లి ఎఫీ రొట్టె పిండి ముద్దలు పందికొవ్వులో వేయించి, నల్లటి చెరుకు పాకంతో బల్ల మీద పెట్టింది. మెట్ల మీద చప్పుడైంది. లోర్న్ కిందికి దిగుతున్నాడు. ఎదురుగా కాదు, పక్కకి తిరిగి, కమ్మీ రెండు చేతులా పట్టుకుని, ఒక్కో మెట్టూ.

"ఆ వచ్చాడమ్మా ముసలి తాత," అన్నాడు అజర్యా, టీలో డబ్బా పాలు పోసుకుంటూ. గొంతులో ముచ్చట దాగలేదు. "వాలిస్ వెన్ను దిగుతోంది వీడికి. ఇక మగాడయ్యాడు."

"నోరు మూసుకుని తిను నాన్నా," అన్నాడు లోర్న్, కుర్చీలోకి నెమ్మదిగా ఒరుగుతూ.

"పని రోజుల్లో కూడా ఇంతేనా?" అడిగింది గ్లెనిస్.

"లేదక్కా. పడవెక్కి రెండు రొయ్యల బుట్టలు లాగితే నడుం ఉన్నట్టే తెలీదు. పడుకుంటేనే తంటా. తెల్లారుజామున మెలకువొచ్చేస్తుంది."

"ఆ మధ్య కన్ను ఎర్రబడిందన్నావు?"

"ఉప్పుగాలి కొట్టిందిలే."

గ్లెనిస్ చేతిలో రొట్టె పళ్ళెంలో పెట్టేసింది. ఎలా మొదలుపెట్టాలో దారి పొడుగునా ఆలోచించుకునే వచ్చింది. తీరా నోరు విప్పాక ఆసుపత్రిలో మాట్లాడినట్టే వచ్చింది: ఇది పని వల్ల వచ్చేది కాదు, జబ్బు. దీనికో పేరుంది. ఒకసారి మా డాక్టరు దగ్గరికి రా.

అజర్యా కప్పు కింద పెట్టాడు.

"జబ్బా?" అన్నాడు. "అంటే మీ తాత రోగిష్టివాడు. నేనూ రోగిష్టివాణ్ణి."

"నేనన్నది అది కాదు నాన్నా..."

"పన్నెండో ఏట పడవెక్కాను నేను. మంచులో, గాలిలో, చేతులు రక్తాలు కారుతుంటే వలలు లాగాను. నా నడుం సముద్రం వంచింది అమ్మాయ్. నీకు పట్నంలో గోడకి బొమ్మలు చూపించి ఏం చెప్పారో నాకు తెలీదు."

"మొదట్లోనే పట్టుకుంటే మందులున్నాయట నాన్నా. వీడు వంగక్కర్లేదు."

ఆ మాట అన్నాక, అది తండ్రికెలా వినిపించి ఉంటుందో ఆమెకి తట్టింది. వీడు వంగక్కర్లేదంటే, నువ్వూ వంగనక్కర్లేకపోయేది అనే. అజర్యా లేచి, తలుపు చువ్వకి తగిలించిన టోపీ తీసుకుని షెడ్డుకేసి వెళ్ళిపోయాడు.

లోర్న్ పాకంలో రొట్టె ముంచుతూ, "ఆయన్ని వదిలెయ్యి అక్కా," అన్నాడు. "నేను బాగానే ఉన్నా."

"నువ్వు మెట్లు ఎలా దిగావో చూశాను."

"ఇంకా చావలేదుగా," అన్నాడు వాడు నవ్వుతూ. గ్లెనిస్‌కి నవ్వు రాలేదు.

ఆ తర్వాత ఆమె ఫోను చేసినప్పుడల్లా తల్లే మాట్లాడేది. గాలి గురించి, పీతల గురించి, చర్చిలో కొత్త పాస్టరు పాడే పాటల గురించి. నడుం మాట మాత్రం ఎత్తేది కాదు. గ్లెనిస్ కూడా మళ్ళీ ఎత్తలేదు. క్లినిక్‌కి వచ్చేవాళ్ళకి ఇంట్లో వాళ్ళని నొప్పించకుండా నిజం చెప్పడం ఎలాగో రోజూ నేర్పుతూనే ఉంది. తన ఇంటి విషయంలో ఆ తెలివి అక్కరకు రాలేదు. ఓరోజు టీ తాగుతూ ఆ మాటే ఫిలొమీనాతో అంది.

"మనవాళ్ళకి మనం నర్సులం కాదు బంగారం," అంది ఫిలొమీనా. "చిన్నప్పుడు పక్క తడిపిన పిల్లలం. మన మాటెవరు వింటారు? చూస్తూ ఉండు. జబ్బే తలుపు తడుతుంది."

అన్నట్టే ఫిబ్రవరిలో తట్టింది. లోర్న్ కన్ను మళ్ళీ ఎర్రబడింది. ఈసారి వెలుతురు చూడలేక, తువ్వాలు మొహాన వేసుకుని చీకటి గదిలో పడుకున్నాడు. దగ్గర్లో ఉన్న ఊళ్ళో కంటి డాక్టరు చుక్కలు వేసి, "ఇది ఉప్పుగాలి కాదబ్బాయ్. నీకు నడుం నొప్పి ఉందా?" అని అడిగాడట.

"నేనొక్క ముక్క చెప్పలేదు," అంది ఎఫీ ఫోనులో. "ఆయనే అడిగాడే. మీ నాన్న మొహం చూడాలి అప్పుడు."

ముగ్గురూ కలిసి సెయింట్ జాన్స్ వచ్చారు. లోర్న్‌కి కన్ను ఇంకా బాగవలేదు, అజర్యా మెడ తిప్పి పక్కల చూడలేడు గనక ఎఫీయే కారు నడిపింది. నేను తోడుకొచ్చానంతే అని అజర్యా దారంతా అంటూనే ఉన్నాడట.

లోర్న్‌ని డాక్టరమ్మ లోపలికి పిలిచింది. ఎఫీ వెంట వెళ్ళింది. అజర్యా బయట కుర్చీలో కూర్చున్నాడు. పక్క కుర్చీలో ఆంబ్రోస్ అని ఓ పెద్దాయన ఉన్నాడు, తరచూ వచ్చేవాడే. అచ్చం అజర్యాలాగే వంగి, అచ్చం అలాగే మొహం నేలకేసి పెట్టుకుని ఉన్నాడు. గ్లెనిస్ బల్ల వెనక కాగితాలు సర్దుతూ చూసింది. ఇద్దరూ ఒకరి బూట్లొకరు కాసేపు చూసుకున్నారు. అజర్యాయే పలకరించాడు.

"ఏ రేవు మీది?"

"రేవా?"

"అదే, వేట ఎక్కడని."

"వేటా! నాకు పడవ చూస్తేనే కడుపులో తిప్పుతుందండీ," అన్నాడు ఆంబ్రోస్. "నేను వాటర్ వీధిలో బూట్లమ్మేవాణ్ణి. మీవి మంచి బూట్లు. పట్టీ ఒకటి మార్పించండి."

అజర్యా తన బూట్లకేసి ఒకసారి చూసుకున్నాడు. "మీ నాన్నగారు సముద్రం మీద ఉండేవారా?"

"మా నాన్న పియానోలకి శ్రుతి చేసేవాడు. ఆయనా ఇంతే, నాకంటే వంగిపోయాడు. ఒక్కసారి ఫెర్రీ ఎక్కాడు పాపం. దిగాక నేలని ముద్దుపెట్టుకున్నాడు."

ఆంబ్రోస్ నవ్వాడు. మర్యాదకి అజర్యా కూడా నవ్వాడు. తర్వాత చాలాసేపు రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. గ్లెనిస్‌కి లేచి వెళ్ళి పక్కన కూర్చోవాలనిపించింది. కానీ వెళ్ళలేదు. ఆయన్ని ఆలోచించుకోనివ్వాలి అనిపించింది.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఎఫీ, లోర్న్ సూప్ కోసం వరసలో నిలబడ్డారు. బల్ల దగ్గర తండ్రీ కూతుళ్ళే ఉన్నారు.

"బూట్లమ్మేవాడట," అన్నాడు అజర్యా.

"విన్నాను నాన్నా."

"వాళ్ళ నాన్న పియానోలట."

"ఊఁ."

"అయితే సముద్రం కాదన్నమాట." గొంతులో కోపం లేదు. ఏదో పోగొట్టుకున్నవాడు జేబులు తడుముకుంటున్నట్టుంది. "నలభై ఏళ్ళు అందరికీ చెప్పుకు తిరిగాను. నేనేదో దాంతో కుస్తీ పట్టానని."

గ్లెనిస్ తన చెయ్యి బల్ల మీద వెల్లకిలా పెట్టింది. అలవాటుగా పెట్టింది, అనుకుని కాదు. కాసేపటికి ఆయన మొరటు చెయ్యి వచ్చి దానిమీద వాలింది.

"ఈ జబ్బుకి కూర్చోవడం విషం నాన్నా," అంది. "కదలడమే మందు. మందుల్లేని రోజుల్లో నీకున్న మందల్లా అదే. నువ్వు రోజూ పొద్దున్నే లేచి, బిగిసిన నడుంతో తెడ్డేసి, బుట్టలు లాగావు. సముద్రం నిన్ను వంచలేదు. పూర్తిగా బిగుసుకుపోకుండా లేపి నిలబెట్టింది. ఎన్నేళ్ళు కలిసొచ్చాయని అడిగితే మాత్రం నేను చెప్పలేను."

"ఓదార్చడానికి అంటున్నావా?"

"కాదు. కావాలంటే డాక్టరమ్మని అడుగు."

ఆయన నీళ్ళగ్లాసు అటూ ఇటూ జరిపాడు. "మరి వాడికి నా వల్లే వచ్చిందిగా?"

"నీకు తాత వల్ల వచ్చింది. వెళ్ళి యోబు తాతని తిట్టి రా."

"అమ్మో, దెయ్యమై వస్తాడు," అన్నాడు అజర్యా. వాళ్ళు వచ్చాక అదే మొదటిసారి ఆయన మనస్ఫూర్తిగా నవ్వడం. సూప్ గిన్నెలతో వచ్చిన ఎఫీ ఇద్దరి మొహాలూ చూసి ఏమీ అడగకుండా చెంచాలు పంచింది. సగం తిన్నాక అజర్యా, "ఆవిడకి తీరికుంటే నన్ను కూడా చూడమను," అన్నాడు, సూప్ గిన్నెలోకే చూస్తూ.

డాక్టర్ హిస్కాక్ ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక ఆయన్ని చూసింది.

"నిటారుగా చెయ్యలేరు కదూ?" అడిగాడు అజర్యా.

"చెయ్యలేనండి. పోసుకున్న ఎముకని వెనక్కి తీసుకోలేం."

"నిజం చెప్పారు. సంతోషం."

అయినా చెయ్యగలిగినవి కొన్ని ఉన్నాయంది ఆవిడ. నొప్పికి మాత్ర, ఊపిరి లోతుగా తీసుకోవడానికి వ్యాయామాలు. ముఖ్యంగా జారిపడకూడదు. బిగిసిన వెన్ను చూడ్డానికి ఇనుప కడ్డీలా ఉన్నా, పడితే సుద్దముక్కలా విరుగుతుంది. పడవలో జారని అడుగులున్న బూట్లు వేసుకోవాలి. బూట్ల మాట వినగానే అజర్యా కూతురి వంక ఓరగా చూశాడు.

లోర్న్‌కి మొదట మాత్రలిచ్చారు. అవి చాలలేదు. పరీక్షలన్నీ అయ్యాక, వేసవి మొదలయ్యే వేళకి ఇంజెక్షన్ మందు ఖాయం చేశారు. ఎవరికి వాళ్ళే పొడుచుకోవాలి. గ్లెనిస్ నేర్పబోతే ఫిలొమీనా ఆమెని గదిలోంచి బయటికి పంపేసింది. "నీ తమ్ముడికి నువ్వు కాదు. వాడు నీ ముందు వీరుడి వేషం వేస్తాడు." తలుపు సందులోంచి మాటలు వినబడుతూనే ఉన్నాయి.

"గాలం వేలిలో దిగితే కోసి లాగేసుకున్నవాణ్ణి," అంటున్నాడు లోర్న్. "దీని సంగతేంటి ఇలా ఉంది..."

"కళ్ళు తెరువు బంగారం. కళ్ళు మూసుకుంటే ఎవరికి పొడుస్తావు, నాకా?"

ఆ మందు ఒక్కరోజులో మాయ చెయ్యలేదు. కొన్ని వారాలు ఏ తేడా లేదు. లోర్న్ విసుక్కున్నాడు, ఒకసారి మానేస్తానన్నాడు కూడా. గ్లెనిస్ బతిమాలలేదు. ఫిలొమీనా చేత ఫోను చేయించింది. తర్వాత ఓ ఆదివారం తల్లి నుంచి ఫోనొచ్చింది. ఎఫీ గొంతు అణిచిపెట్టి మాట్లాడుతోంది.

"వాడు ఇప్పటిదాకా నిద్రపోయాడే. లేచి గబగబా దిగొచ్చాడు. ఎవరో దొంగ అనుకున్నాను."

"నాన్నేమన్నాడు?"

"చూసి షెడ్డులోకి వెళ్ళాడు. నేను టీ పట్టుకెళ్ళేసరికి వలలు బాగుచేస్తున్నాడు. కళ్ళు తడిగా ఉన్నాయి. 'వాడు వాలిస్ వాడిలా లేడే ఎఫీ' అన్నాడు. సంతోషంతో అన్నాడో, బాధతో అన్నాడో నాకు తెలీలేదు. ఆయనకీ తెలుసనుకోను."

ఫోను పెట్టేశాక గ్లెనిస్ కూడా అంతే: ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేసింది.

మరుసటి ఏడు డాక్టర్ హిస్కాక్ దక్షిణ తీరానికి అప్పుడప్పుడూ వెళ్ళి అక్కడే రోగుల్ని చూడాలనుకుంది. అంత దూరం పట్నానికి రాలేని వాళ్ళు చాలామంది ఉన్నారని గ్లెనిస్సే చెబుతూ వచ్చింది మరి. అప్పటికి ఆమె కీళ్ళ జబ్బుల నర్సింగు పరీక్ష కూడా పాసైంది. మొదటి శిబిరం మారో కోవ్‌కి పక్క ఊళ్ళో, చర్చి హాల్లో పెట్టారు. బల్లలు సర్దుతుంటే బయట తెలిసిన గొంతు వినిపించింది.

"వరసలో నిలబడండర్రా! తోసుకోకండి, ఇదేమన్నా చేపల వేలమా?"

అజర్యా కొత్త బూట్లతో గుమ్మం దగ్గర నిలబడి జనాన్ని అదిలిస్తున్నాడు. తీరమంతా ఆయన్ని బాబాయనే పిలుస్తారు. బాబాయి రమ్మన్నాడని వచ్చినవాళ్ళే సగం మంది. పొద్దున నడుం పట్టేసిందని అన్నవాణ్ణల్లా రేవు మీదే పట్టుకుని, పియానో వాడి కథ చెప్పి, ఇక్కడికి తోలాడట.

మధ్యాహ్నానికి వాళ్ళ దూరపు చుట్టం ట్రిఫీనా వచ్చింది. పంతొమ్మిదేళ్ళ పిల్ల, మొహం చిట్లించుకుంటూ.

"మీ నాన్నకి మతి పోయింది గ్లెనిస్ అక్కా. ఆడపిల్లని, నాకు వాలిస్ వెన్నేంటి? మా ఇంట్లో ఆడవాళ్ళెవరికైనా ఉందా? వెళ్ళకపోతే మా అమ్మతో చెప్తానన్నాడు."

"ఆడవాళ్ళకీ వస్తుంది. వంపు తొందరగా బయటపడదు, అంతే," అంది గ్లెనిస్. "రాలేదేమో కూడా. చూద్దాం."

ట్రిఫీనా తలుపుకేసి చూసింది. గుమ్మం దగ్గర అజర్యా అడ్డంగా నిలబడి ఉన్నాడు, వెనక్కి వెళ్ళే దారి లేదు. ఆ పిల్ల నిట్టూర్చి కోటు విప్పబోయింది. పై గుండీ దగ్గర వేళ్ళు ఒక్క క్షణం తడబడ్డాయి.

గ్లెనిస్ కుర్చీ దగ్గరికి లాక్కుని ఆమె ముందు కూర్చుంది.